డాబా మీది కన్ను

డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పడం నా ఉద్యోగం. పోచంపల్లి నుంచి భువనగిరికి రోజూ బస్సు. ఏటా ఒక పాఠం మాత్రం ఒళ్లు మరిచి చెప్పేదాన్ని: డిస్టోపియా, అంటే రేపటి చెడ్డలోకం గురించిన కథలు. వాటి లక్షణాలు నాకు కంఠతా. ఎప్పుడూ చూస్తుండే కన్ను ఒకటి ఉంటుంది. మనుషులకు పేర్లు పోయి నంబర్లు వస్తాయి. మాటలను కత్తిరిస్తారు, నిన్నటిని తుడిచేస్తారు. పక్కింటివాడే పట్టిస్తాడు. అందరూ తల వంచుకుంటే ఒక్కడు మాత్రం ఎదురు తిరుగుతాడు, చివరికి వాడూ ఓడిపోతాడు. ఇన్నేళ్లు చెప్పీ చెప్పీ, నేనే ఒకటి ఎందుకు రాయకూడదనుకుని నవల మొదలుపెట్టాను.

మొదటి శ్రోత మా నాన్న, నాకు బాపు. మగ్గం మనిషి. ఆయన చిటికి కడుతుంటే, అంటే రంగు అంటకూడని చోట దారాలకు గట్టిగా ముడులు వేస్తుంటే, పక్కన కూర్చుని చదివేదాన్ని. నా కథలో పాలకులు నేత పనిని నిషేధిస్తారు. హీరో ఒక చీకటి గదిలో దాక్కుని, ఒంటరిగా నిలువు దారాల పడుగు సిద్ధం చేసుకుని బట్ట నేస్తాడు. అక్కడ బాపు చెయ్యి ఆగింది.

"ఒక్కడే పడుగుకు గంజి వెట్టిండా?"

"అవ్ బాపూ. అందర్ని ఎదిరించినోడు గదా."

"గిది అయ్యేది గాదు బిడ్డా. కన్ను సూస్తదంటే నమ్ముత. పేర్లు తీసేసిండ్రంటే నమ్ముత. గిది మాత్రం నమ్మ."

నాకు ముక్కు మీదే కోపం. "కథ బాపూ ఇది, మగ్గం పాఠం గాదు" అని కాగితాలు చుట్టుకుని లేచిపోయాను. రెండు రోజులు మాట్లాడలేదు. ఆయనకేం ఫికర్ లేదు, హాయిగా తిని, హాయిగా పనిచేసుకున్నాడు. అది చూసి ఇంకా మండింది.

ఒక సంగతి ఒప్పుకోవాలి. నా నవలలో కన్ను ఊహించి పెట్టింది కాదు, ఎదురింటి డాబా మీది నుంచి తెచ్చుకున్నది. అక్కడ ఉండే ముసలాయనను పెద్దబాపు అని పిలుస్తాను, చుట్టరికం లేకపోయినా. మగ్గం మానేసి చాలా ఏళ్లయింది. పొద్దున లేస్తే డాబా మీద కుర్చీ, చేతిలో ఫోను. కరోనా వచ్చిన వేసవిలో ఆయనకు పట్టపగ్గాల్లేవు. వీధిలో నలుగురు క్యారమ్స్ ఆడితే ఎవరో ఫోను చేశారు, పోలీసులొచ్చి బోర్డు ఎత్తుకెళ్లారు. ఎవరో అంటే ఎవరు? గోడలకు చెవులుంటాయంటారు, మా వీధిలో డాబాకు కళ్లుండేవి. సంతోషంగా ఆయనను నా విలన్‌ను చేసుకున్నాను.

అదే వేసవి బాపు పడుగు ఇంట్లో ఇరుక్కుపోయింది. మూడు నెలలు ముడులు కట్టి రంగులద్దిన దారం. గంజి పెడితే తప్ప మగ్గమెక్కదు. గంజి పెట్టాలంటే వీధి పొడవునా సాగదీయాలి, లాక్‌డౌన్‌లో వీధిలోకి మనుషులు రావద్దన్నారు. చుట్టిపెట్టిన పడుగును ఎలుకలు ఒక కొసన కొరికాయి. బాపు ఆ కొసను వేళ్లతో తడుముతూ కూర్చునేవాడు. ఆయన ఎవరినీ నోరు తెరిచి అడిగే రకం కాదు.

"నువ్వు, నేను, అమ్మ. ముగ్గురం చాలమా?" అన్నాను. నా హీరోకు ఒక్కడు చాలినప్పుడు మాకు ముగ్గురు ఎక్కువే అనుకున్నాను.

బాపు నా వంక చూశాడు. ఎలుకల భయం కొద్దీ సరేనన్నాడు.

తెల్లవారుజామున వీధిలో పడుగు పరిచాం. గంజి పట్టించడం తేలికే. అది ఆరేలోపు కుంచెలతో దువ్వుతూ దారానికి దారం విడదీయాలి, కష్టమంతా అక్కడే. ఆలస్యమైతే దారాలు అతుక్కుపోయి పడుగు కట్టెలా బిగుసుకుంటుంది. ఎండాకాలం గాలి, పొద్దు పొడవకముందే వేడి. నేను ఒక మూర దువ్వేసరికి అవతల రెండు మూరలు ఆరిపోతున్నాయి. మూడు నెలల పని కళ్ల ముందే పోతోంది, దానికి సలహా ఇచ్చింది నేను. ఏడుపొచ్చింది.

తలెత్తితే డాబా మీద పెద్దబాపు. ఫోను చెవి దగ్గర ఉంది. మా వైపే చూస్తూ ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఇక అయిపోయింది, జీపొస్తుంది అనుకున్నాను.

జీపు రాలేదు. మూడో ఇంటి తలుపు తెరుచుకుంది. తర్వాత దాని పక్కది. మూతికి తువ్వాళ్లు కట్టుకుని, చేతిలో కుంచెలతో మనుషులు వచ్చారు. అందరికంటే చివర, మెట్లు ఒక్కొక్కటే దిగుతూ పెద్దబాపు. ఆయన కుంచె పాతది, పిడి నల్లబడింది.

"ఏంది తమ్మీ, ముగ్గురితోని గంజి వెడ్తరా? నన్ను పిలిస్తే నీ సొమ్మేం బోయింది?" అని బాపు మీద విరుచుకుపడ్డాడు. తర్వాత నా వంతు. "దూరం నిలబడు బిడ్డా. మీదికెల్లి సూసిన, మీ అమ్మకు నీకు మధ్యల జాగా లేదు."

వీధి పొడవునా ఎడమెడంగా ఎనిమిది మందిమి నిలబడ్డాం. ఎండ మా గడప తాకేసరికి దారాలన్నీ విడివిడిగా నిలిచాయి. బాపు ఆ కొస నుంచి ఈ కొసకు నడిచి చూసుకున్నాడు. ఆయన ముఖం చూసి నాకు ఎంత ఆనందమేసిందో చెప్పలేను.

పెద్దబాపు మా అరుగు మీద చివరన కూర్చుని చాయ్ అడిగాడు. గ్లాసు అందుకుంటూ, "ఏందో కితాబు రాస్తున్నవట. మీ బాపు జెప్పిండు. అండ్ల నేనున్ననా?" అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా అబద్ధం రాలేదు.

"ఉన్నవ్ పెద్దబాపూ."

"ఏం జేస్త?"

"డాబా మీదికెల్లి అందర్ని సూస్తుంటవ్."

ఆయన చాయ్ ఊదుకుని ఒక గుక్క తాగాడు. "మరి కిందికి దిగనా?"

చివరి అధ్యాయాలు చించేసి, హీరో పడుగు దగ్గరికి కుంచెతో ఆయనను దింపడానికి ఏడాది పట్టింది. ఆయన దిగాక అది డిస్టోపియా కాకుండా పోయింది, ఇంకా ఎవరూ అచ్చు వేయలేదు. పోనీ. బాపు మాత్రం అప్పుడప్పుడు చదవమంటాడు. గంజి పెట్టే చోటు వచ్చినా ఆయన చెయ్యి ఇప్పుడు ఆగదు.