హెడ్మాస్టరుకు నేను చెప్పిన కథ

ప్రొద్దుటూరులో నేను ఐదో ఫారం, అంటే ఇప్పటి పదో తరగతి, చదివేటప్పుడు మా తరగతిలో నలభైమంది మగపిల్లలు, ఐదుగురం ఆడపిల్లలం. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మా నాయనకు బట్టల అంగడి ఉండేది. ఆడపిల్లకు ఇంత చదువెందుకని బంధువులు అంటే, "ఆ హెడ్మాస్టరు ఉన్నంతవరకూ నాకేం భయం?" అనేవాడు. ఊళ్లో అందరికీ ఆయనంటే అంత నమ్మకం.

మాకు మాత్రం వణుకు. ఆయన కాన్వాసు బూట్లు వేసుకునేవాడు. వరండాలో నడిస్తే చప్పుడయ్యేది కాదు. కిటికీ దగ్గర ఎప్పుడొచ్చి నిలబడ్డాడో ఎవరికీ తెలిసేది కాదు. తరగతిలో ఎవరైనా మాట్లాడుతూ దొరికితే వెంటనే కొట్టడు. "నీతో మాట్లాడిందెవరు?" అని అడుగుతాడు. పేరు చెప్తే వదిలేస్తాడు. చెప్పకపోతే ఇద్దరి దెబ్బలూ ఆ ఒక్కడే తినాలి. అందుకే మా బడిలో స్నేహాలు తక్కువ.

ఆ ఏడు ఇంగ్లీషు చెప్పడానికి జమ్మలమడుగు నుంచి ఒక కొత్త సారు వచ్చాడు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. శనివారం ఆఖరి పీరియడులో పుస్తకాలు మూయించి కథ చెప్పేవాడు. అదొక జర్మన్ నవల. తాను ఇంగ్లీషులో చదివి, వారానికి కొంచెం చొప్పున మాకు మన మాటల్లో చెప్పేవాడు.

కథంతా ఒక హాస్టలు బడిలో జరుగుతుంది. అక్కడి హెడ్మాస్టరు ఏదో ఆజ్ఞ ఇస్తే, ఒక పిల్లవాడు లేచి "ఎందుకు?" అని అడుగుతాడు. ఆ ఒక్క మాటకు వాణ్ణి పొద్దున్నుంచి మంచులో నిలబెడతారు. అంతటితో ఆగక, నెల రోజులు వాడితో ఎవరూ మాట్లాడకూడదని ఉత్తరువు వేస్తారు. వాడికి ప్రాణస్నేహితుడు ఒకడుంటాడు. ఆ స్నేహితుడు కూడా తల తిప్పుకుని పోతుంటాడు.

"మంచులో నిలబెడితే ఎట్లుంటాది సార్?" అని వెనక బెంచీలోంచి ఒకడు అడిగాడు.

"మన ఎండలో నిలబెట్టినట్లే అనుకోప్పా" అన్నాడు సారు.

అందరం నవ్వాం. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ముందురోజే మా హెడ్మాస్టరు ఒక పిల్లవాణ్ణి జెండా కర్ర దగ్గర ఎండలో నిలబెట్టాడు. వాడు మా మధ్యలోనే కూర్చుని ఉన్నాడు.

నాలుగో శనివారం కథ మంచి పట్టులో ఉంది. హాస్టల్లో అందరూ అన్నానికి కూర్చున్నారు, స్నేహితుడు వాడి వైపు చూశాడు, మాట్లాడతాడా, మాట్లాడడా? సారు చెప్తూ చెప్తూ ఆగిపోయాడు. కిటికీ దగ్గర హెడ్మాస్టరు నిలబడి ఉన్నాడు.

"ఆపినావేంది? కానియ్" అంటూ లోపలికి వచ్చాడు. "అందులో హెడ్మాస్టరు కూడా ఉన్నాడంట గదా?" అన్నాడు. ఎవరో ముందే చేరవేశారన్నమాట. తరగతినంతా ఒకసారి కలియజూసి, నా దగ్గర చూపు ఆపాడు. "నువ్వు రా నా రూముకు. ఆడపిల్ల అబద్ధం చెప్పదు."

రూములో ఆయన కుర్చీలో కూర్చున్నాడు. మా సారు తప్పు చేసిన పిల్లవాడిలా గోడవారగా నిలబడ్డాడు. "మొదట్నుంచి చెప్పు" అన్నాడు హెడ్మాస్టరు.

చెప్పడం మొదలుపెట్టాను. నెల రోజుల మౌనం దాకా ఉన్నదున్నట్లే చెప్పాను. ఆయన ముందుకు వంగి, "ఇంతకూ ఆ హెడ్మాస్టరు మంచోడా, చెడ్డోడా?" అని అడిగాడు.

సారు వైపు చూస్తే ఆయన నేల చూస్తున్నాడు. ఈయన ఉద్యోగం ఇప్పుడు నా నోట్లో ఉందనిపించింది.

"మంచోడు సార్. నెల తిరిగేసరికి ఆ పిల్లోడికి బుద్ధొచ్చింది. పోయి ఆయన కాళ్ల మీద పడినాడు. బాగా చదువుకుని పెద్ద ఆఫీసరయినాడు."

హెడ్మాస్టరు ముఖం విప్పారింది. "చూసినావా? జర్మనీ వాళ్లు ఊరికే పైకొచ్చినారా? శానా మంచి కథ. సోమవారం ప్రేయర్‌లో అందరికీ చెప్పు" అన్నాడు.

చెప్పాను. బడంతా వరుసల్లో నిలబడి వింది. సారు కథ అంతదాకా చెప్పనేలేదు గనక, అది నేను కల్పించిందని మా తరగతి వాళ్లందరికీ తెలుసు. వాళ్లు కూడా చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత శనివారాలు సారు వ్యాకరణం చెప్పాడు. ఒకరోజు వరండాలో ఆయన కనిపిస్తే, "మీ కోసమే సార్ అట్ల చెప్పింది" అన్నాను. ఏడుపొచ్చింది.

"నీ తప్పేం లేదు పాపా. నేను నోరు తెరవాల్సింది. నిన్ను ముందర పెట్టి గోడకు ఆనుకుంటి" అన్నాడు. ఆయన చేతిలో సుద్దముక్క రెండుగా విరిగింది.

అర్ధసంవత్సరం పరీక్షలయ్యాక పులివెందులకు బదిలీ అడుక్కున్నాడు. పోయే రోజు ప్రేయర్‌లో రెండు మాటలు చెప్పి సెలవు తీసుకుంటానంటే హెడ్మాస్టరు సరేనన్నాడు.

"మొన్న పాప చెప్పిన కథలో తప్పుంది. ఆ తప్పు నాది" అని మొదలుపెట్టాడు సారు. "ఆ పిల్లోడు ఎవురి కాళ్ల మీదా పడలేదు. అందరూ అన్నం తింటాండగా స్నేహితుడు లేచినాడు. బడంతా ఇనేటట్లు వాడి పేరు పెట్టి పిలిచినాడు..."

హెడ్మాస్టరు సైగ చేయగానే ప్యూను గంట కొట్టాడు. సారు ఆపలేదు. గొంతు పెంచి చెప్తూనే ఉన్నాడు. గంట ఆగకుండా మోగుతూనే ఉంది. ముందు వరుసలో ఉన్న మాకు మాత్రం వినిపించింది. కథలో ఆ స్నేహితులిద్దర్నీ మర్నాడే బడి నుంచి వెళ్లగొట్టారని చెప్పి, మా అందరికీ చేతులు జోడించి బస్టాండు వైపు నడిచాడు.

పది నిమిషాల్లో నన్ను మళ్లీ రూముకు పిలిపించారు. "వాడు ఏం చెప్పినాడో ఇన్నావా?"

గంట మోతలో వినపడలేదంటే సరిపోయేది. "అంతా ఇన్నాను సార్. ఆయన చెప్పిందే నిజం. ఆ పొద్దు నేను చెప్పింది అబద్ధం" అన్నాను. బల్ల అంచు పట్టుకున్నాను.

ఆయన కొట్టలేదు. మా నాయనకు కబురు పంపాడు.

నాయన అంగడి వదిలి వచ్చాడు. హెడ్మాస్టరు చెప్పిందంతా చేతులు కట్టుకుని విన్నాడు. "చిన్నపిల్ల సార్, ఈసారికి వదిలేయండి" అని బతిమాలాడు. చివరికి హెడ్మాస్టరు సరేనన్నాడు. నాకు తల కొట్టేసినట్లయింది. నాయన అట్లా వంగడం అంతకుముందెప్పుడూ చూడలేదు.

నాయన నన్ను ఇంటికి కాకుండా అంగడికి తీసుకుపోయాడు. పరిచిన చీరలు మడత పెడుతూ, "అసలు ఆ కథలో ఏముందమ్మా? చెప్పు, ఇంటాను" అన్నాడు.

చెప్పాను. ఇద్దరు ముగ్గురు బేరగాళ్లు వస్తే కూర్చోమన్నాడు. అంతా విన్నాక, "వాళ్ల నాయన ఏమన్నాడు, పిల్లోడు ఇంటికి పోతే?" అని అడిగాడు.

అది మా సారు చెప్పలేదు. తెలియదన్నాను.

నాయన ఇంకో చీర తీసుకుని అంచులు కలిపాడు. "రేపు బడికి తొందరగా పో. నిజం చెప్పినందుకు అంటే అననీ, ఆలస్యమయిందని మాత్రం ఆయనతో అనిపించుకోవద్దు" అన్నాడు.