లుబింకా రాసిన కాఫీ క్యూ ఆట

మొగుడు ద్రాగుటిన్ చొక్కా ఇస్త్రీ చేస్తూ లుబింకా కూనిరాగం తీసిందంటే ఆ ఇంట్లో అది విడ్డూరమే. ఆ సాయంత్రం వాళ్ళ ఊరు నోవీ సాద్‌లో పాత కంప్యూటర్ల అభిమానులంతా కలుసుకుంటున్నారు. ఒకప్పుడు దేశాన్ని ఊపేసిన ‘కాఫీ క్యూ’ అనే కంప్యూటర్ ఆట తయారుచేసిన మహానుభావుడని ద్రాగుటిన్‌ని వేదిక మీదికి పిలిచారు. ఆ మహానుభావుడు ఆ ఆటలో ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదు. రాసింది ఆయన పెళ్ళాం, మొదటి నుంచి చివరిదాకా.

"ఈసారి చెప్పేస్తాను లుబా, ఒట్టు," అన్నాడు పొద్దున కాఫీ దగ్గర, చెయ్యి పట్టుకుని. "అరవై దాటాక ఇంకా నాకెందుకే దొంగపేరు?"

పిచ్చిది, నమ్మింది. పార్లర్‌కెళ్ళి జుట్టు కూడా సవరించుకొచ్చింది.

యుగోస్లావియా ఇంకా ఒకే దేశంగా ఉన్న రోజుల్లో వచ్చింది వాళ్ళింటికి ఒక కంప్యూటర్. ఆస్ట్రియాలో, గ్రాజ్‌లో పనిచేసే పిన్ని కస్టమ్స్ వాళ్ళ కంట పడకుండా సబ్బుపొడి డబ్బాలో దాచి సరిహద్దు దాటించింది. రబ్బరు మీటల చిన్న పెట్టె. టీవీకి తగిలించి క్యాసెట్ పెడితే, అది కీచుకీచుమని అరిచి అరిచి ఆటని లోపలికి ఎక్కించేది. ఈలోగా కాఫీ కాచుకుని తాగెయ్యొచ్చు, కాఫీ దొరికితే! అప్పుడు కాఫీకి కరువు. లుబింకా కిరాణా కొట్లో పనిచేసేది. వల సంచీ చంకలో పెట్టుకుని, "నాకు ఉప్పు ఒక్కటే నాయనా" అంటూ మోచేతులతో పొడుచుకుంటూ ముందుకొచ్చేసి, తీరా కాఫీ అడిగే ముసలమ్మల్ని రోజూ చూసేది. అలాంటి ఒక బామ్మనే ఆటలోకి దించింది. పొద్దుటి షిఫ్టు అయ్యాక, ద్రాగుటిన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చేలోపల కూర్చుని ఆ ప్రోగ్రామ్ రాసుకునేది. ఎక్కడో తప్పు దొర్లి బామ్మ గోడలోకి దూరిపోతే తనొక్కతే పగలబడి నవ్వేది. జన్మకి తనకంటూ చేసుకున్న పని అదొక్కటే.

శనివారం సాయంత్రాలు రేడియోలో ఆటలు వేసేవాళ్ళు. ఆ కీచుమోతనే ప్రసారం చేస్తే జనం ఇళ్ళల్లో క్యాసెట్లో పట్టుకుని ఆడుకునేవాళ్ళు. ముందుగా ఆట చేసినవాళ్ళ పేరు చదివేవాళ్ళు. ఆ పేరు కోసమే లుబింకా ప్రాణం కొట్టుకుపోయింది. రేడియో స్టేషన్లో క్యాసెట్ అందించాల్సిన రోజు కొట్లో సెలవు దొరక్క మొగుణ్ణి పంపింది.

"నా పేరు స్పష్టంగా చెప్పు."

"చెప్పకుండా ఎక్కడికి పోతానే?"

శనివారం ఇంటినిండా జనం. రేడియో ముందు మైకు పెట్టి రికార్డు చేయాలి గనక ఎవరూ కిక్కురుమనకూడదు, ఒక్క దగ్గు పడినా ఆట పాడైపోతుంది. ఫ్రిజ్ ప్లగ్గు లుబింకాయే పీకేసింది. కింది వాటా మిలెవా గారికి మిక్సీ వేయొద్దని మరీ మరీ చెప్పొచ్చింది. అప్పుడు పలికింది రేడియో: "ఈ వారం ఆట తయారుచేసినవారు, నోవీ సాద్ నుంచి ద్రాగుటిన్ బొగొసావ్లెవ్."

లుబింకా నోరు తెరిచింది. ద్రాగుటిన్ పెదాల మీద వేలు పెట్టి కళ్ళురిమాడు. కీచుమోత మొదలైపోయింది. అరిస్తే పోయేది మొగుడి పరువు కాదు, తన ఆటలోని బామ్మ. అందుకని అయిపోయేదాకా నోరు కుట్టేసుకుని నిలబడింది.

తర్వాత వంటింట్లో నిలదీసింది. "నీ నోరు పడిపోయిందా? నా పేరేదీ?"

"అబ్బా, ఇద్దరిదీ ఒకటే ఇంటిపేరు కదా! ఆడపేరు చెబితే ఏ వంటల కార్యక్రమమో అనుకుని రేడియో కట్టేస్తారే."

"నీ బొంద!" అంది. అని, మళ్ళీ ఆ జనానికే కాఫీ పోసింది. ఏం చేస్తుంది? ఆ తర్వాత పిల్లలు పుట్టారు, దేశం ముక్కలైంది, కొట్టు మూతపడింది. ద్రాగుటిన్ మాత్రం పెళ్ళికెళ్ళినా చావుకెళ్ళినా తన ఆట గొప్ప చెప్పుకుంటూనే ఉన్నాడు.

ఇదిగో, ఇప్పుడీ హాలు. నెత్తి నెరిసినవాళ్ళు పాత కంప్యూటర్ల ముందు చేరి చిన్నపిల్లల్లా ఆటలో బామ్మని ముందుకు తోస్తూ కేకలు పెడుతున్నారు. చూస్తుంటే లుబింకాకి కళ్ళు చెమర్చాయి.

కార్యక్రమం నడిపే ఒగ్నెన్ అనే కుర్రాడు అడిగాడు: "ఈ ఆట ఎలా పుట్టింది సార్?"

ద్రాగుటిన్ మొదటి వరుసలో ఉన్న పెళ్ళాం వైపు చూశాడు. ఆమె వెన్ను నిటారుగా పెట్టుకుంది.

"అంతా మా ఆవిడ చలవే," అన్నాడు. లుబింకా కుర్చీ అంచుకి జరిగింది. "నేను రాస్తూ కూర్చుంటే పాపం విసుక్కోకుండా కాఫీలు కాచి పోసేది."

హాలంతా చప్పట్లు. లుబింకా తన చేతివంక చూసుకుంది. పొద్దున ఈ చెయ్యే కదా పట్టుకున్నాడు!

ఒగ్నెన్ మైకు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "మీరెప్పుడైనా ఆడారా అమ్మా ఈ ఆట?"

"ఆడడమేంటి బాబూ, రాసిందే నేను," అంది లుబింకా. "ఆయన కాదు. నేను."

అందరూ వేదిక వైపు తిరిగారు. లుబింకా కూడా మొగుడి మొహంలోకే చూసింది. నిజమేనని ఒక్క మాట అంటే చాలు, ఇన్నేళ్ళూ మర్చిపోయి ఇంటికెళ్ళిపోతుంది.

ద్రాగుటిన్ తల వెనక్కి వాల్చి పకపకా నవ్వాడు. "చూశారా, మా ఆవిడతో ఎప్పుడూ ఇదే వేళాకోళం!" అన్నాడు. అప్పుడు హాలంతా నవ్వింది.