బొల్లోడి చెవి

రోజారమణి చేసిన మనిషి బొమ్మను చూసి, ఇది ఫలానా వాళ్లదని ఎవరూ చెప్పకముందే పోల్చుకున్నవాళ్లు అప్పటిదాకా ఒక్కరూ లేరు. కొత్తకోటలో ఆమెను ఎరిగిన వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు గాని, ముఖం మీద అన్నవాళ్లు లేరు. అసలు బాధ అదే. అనేస్తే ఒకసారి ఏడ్చి ఊరుకునేది.

పుట్టినింటా మగ్గాలే, మెట్టినింటా మగ్గాలే. పెళ్లయిన కొత్తలో తానూ చీరలు నేసింది. నడుము మొరాయించాక మగ్గం గుంటలోకి దిగడం మానింది గాని చేతులు ఊరుకోవు కదా. కరోనా రోజుల్లో ఫోనులో వీడియోలు చూసి పాలిమర్ క్లే పట్టుకుంది. పేరుకు మట్టే గాని అది మన మట్టి కాదు. రంగురంగుల ముద్దలుగా వస్తుంది. రొట్టెపిండిలా పిసికి, బొమ్మ చేసి, చిన్న కరెంటు ఓవెన్‌లో కాలిస్తే గట్టిపడుతుంది. ఆ ఓవెన్ ఇంటికొచ్చిన తొలి రోజు అత్తగారు ఆండాళు చాయ్ గ్లాసు పట్టుకుని వచ్చి దాని ముందు కూర్చుంది. తలుపు తెరిస్తే లోపల వరసగా గుండ్రటి తలకాయలు.

"ఓ పిల్లా, బిస్కట్లేమో అనుకుంటి గదనే!" అని గ్లాసుతో సహా లేచి వెళ్లిపోయింది.

తాళంచెవుల గొలుసులూ చిన్న వినాయకులూ చేసినన్నాళ్లు ఏ చిక్కూ లేదు. వాటికి పోలికలతో పని లేదు. మేనమామ కృష్ణయ్య బస్సు కండక్టరుగా రిటైరయినప్పుడు, ఆయన బొమ్మే చేసి ఇద్దామని బుద్ధి పుట్టింది. ఖాకీ చొక్కా, భుజాన సంచి, చేతిలో టికెట్ల మిషను, కింద కొంచెం బొజ్జ కూడా. కృష్ణయ్య కళ్లజోడు సర్దుకుని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"మంచిగున్నడు బిడ్డా, పోలీసాయన."

"అవు మామా," అంది రోజారమణి. ఇంకేమనగలదు? ఆ పోలీసాయన ఇప్పటికీ వాళ్ల టీవీ పక్కన డ్యూటీలోనే ఉన్నాడు.

"చుట్టాలు బాగలేదంటరా? కడుపుల పెట్టుకుంటరు," అంది ఆండాళు. "చుట్టం గానోళ్లకు చేసి చూడు. నీకు చేతనైతదో కాదో అప్పుడు ఎరుకైతది. కాకుంటె నాతోని కూసోని మగ్గానికి కండెలు చుట్టు."

కోడలికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. సరిగ్గా అప్పుడే తెలిసిన పిల్ల మల్లీశ్వరి వచ్చింది. ఊళ్లో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. తండ్రి గుర్వయ్య పక్క ఊళ్లో గొర్లకాపరి. మోకాళ్లు పోయి ఈ మధ్యే మందను తమ్ముడి చేతిలో పెట్టి ఇంట్లో కూర్చున్నాడు. మందలో ముందు నడిచే నల్ల పొట్టేలు, నొసటన తెల్లమచ్చ ఉన్నది, మొన్నటి వానల్లో రోగమొచ్చి చచ్చిపోయింది. దాని పేరు బొల్లోడు.

"నాయిన ఇంట్ల కూసోని కూసోని యాష్టకొచ్చిండక్కా. బొల్లోన్ని జేసి ఇయ్యి," అని ఫోనులో ఫొటో చూపించింది. "ఎవని బొమ్మనో నేను చెప్ప. ఊకనే చేతిల పెడ్త. గుర్తుపడ్తడు."

"పట్టకపోతే?"

"అంత మందల ఒక్కొక్కదాని ముఖం ఎరుకనే మా నాయినకు!"

ఆమె ధైర్యం చెబుదామనే అంది. రోజారమణికి మాత్రం ఆ మాటే భయం పుట్టించింది. చుట్టం కాదు. మొహమాటపడడు. పైగా ముఖాలు పోల్చడమే ఆయన బతుకు. ఈయన 'ఇదెవరిది' అన్నాడంటే ఓవెన్ అటక మీదికి, తాను కండెల దగ్గరికి.

ఫొటోను పెద్దది చేసి చేసి చూసింది. మూతి ఒక పక్కకు కాస్త వంకర. కొమ్ములకు మెలిక. ఎడమ చెవి చివర మాత్రం తెగి ఉంది. అయ్యో పాపం, కుక్క కరిచిందేమో అనుకుంది. ముచ్చటపడి ఇచ్చే కానుకలో తెగిన చెవేం బాగుంటుంది? ఆ చెవిని నిండుగా, అసలు కంటే రవ్వంత పొడుగ్గానే చేసింది. బొమ్మ మొత్తంలో తనకు బాగా నచ్చింది కూడా ఆ చెవే.

ఇచ్చే రోజు పొద్దున కంచం ముట్టకుండానే లేచింది. "నేను రానమ్మా, నువ్వే ఇయ్యి," అంటే మల్లీశ్వరి వినలేదు. "దారిల బొమ్మ కాలిరిగితె ఎవలు అతికిస్తరు?" అని స్కూటీ ఎక్కించుకుపోయింది.

గుర్వయ్య అరుగు మీద మంచంలో కాళ్లు చాపి ఉన్నాడు. మల్లీశ్వరి మాటాడకుండా బొమ్మను ఆయన చేతిలో పెట్టింది. ఆయన వేళ్లు తిన్నగా ఎడమ చెవి మీదికే పోయాయి. తడిమాడు. మళ్లీ తడిమాడు. బొమ్మను తిరిగి కూతురి చేతిలోనే పెట్టేశాడు.

"ఇది మనది గాదు."

భూమి చీలితే అందులోకి పోదామనిపించింది రోజారమణికి. పోలీసాయన కళ్ల ముందు ఈల ఊదాడు. "నేనిగ పోయొస్త మల్లీశ్వరీ," అంటూ సంచి తీసుకుంది.

లోపల్నుంచి పిండి చేతులతో గుర్వయ్య భార్య బక్కమ్మ వచ్చింది. బొమ్మను చూడగానే, "ఓయమ్మా, మన బొల్లోడు గాదూ!" అంది.

"ముఖం వానిదే," అన్నాడు గుర్వయ్య. "మూతి వంకర గూడ వానిదే. నేను గాదన్ననా?"

"మరి మనది గాదంటివి?"

"చెవి చూడు. కోతేది? మందలు కల్సిపోతె ఎవల జీవం ఎవలదో ఎరుకగావాలెనని చెవికి ఇంటికో తీరు కోత పెడ్తం. కోత లేనిదాన్ని మనదని ఎట్లంట? గుర్వయ్య ముసలితనంల ఎవని మందకెల్లి ఎత్కొచ్చిండో అనరా?" రోజారమణి వైపు తిరిగి, "యాడికెల్లి తెచ్చినవ్ బిడ్డా దీన్ని?"

"నేనే చేసిన పెద్దనాయినా."

"చేస్తె బొల్లోని ముఖం ఎట్లొస్తది?" అని నిజంగానే అడిగాడు.

ఆ మాట ఎంత పెద్ద మాటో రోజారమణికి ఎక్కడానికి కొంచెం సేపు పట్టింది. ఎక్కాక సంచి కింద పెట్టింది. నోరు కూడా తెరుచుకుంది. "ఫొటోల చెవి తెగుంటె కుక్క కర్సిందనుకున్న. మంచిగుండదని నేనే నిండుగ జేసిన."

 గుర్వయ్య తల ఊపాడు. "ఆ కుక్కను నేనే బిడ్డా."

బక్కమ్మ గోడకు ఆనుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటే పిండి ముఖమంతా అయింది. నవ్వులో ఎవరూ చూసుకోలేదు, గుర్వయ్య గూట్లోంచి చిన్న కత్తి తీశాడు.

"ఇరుగుతది పెద్దనాయినా! నేనింటికి తీస్కపోయి..."

ఆయనకు వినపడలేదు. బొమ్మను కూతురి చేతిలోంచి లాక్కుని గొర్రెపిల్లలా మోకాళ్ల మధ్య ఇరికించి, చెవి కొస పట్టి, కత్తి ఆనించాడు. రోజారమణి కళ్లు మూసుకుంది. తెరిచేసరికి కోత పడింది. నున్నగా, చుట్టూ చిన్న పెచ్చయినా రాలకుండా.

"ఏమే, పసుపు తే!" అని కేకేశాడు. గొర్రెపిల్లల చెవి కోసినప్పుడల్లా వేసే కేకే. నోటికి అలవాటైంది.

"బొమ్మకు పసుపేందయ్యా, మతి గిట్ల పోయిందా?" అంటూనే బక్కమ్మ చిటికెడు పట్టుకొచ్చింది. ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు గాని పసుపు అద్దడం మానలేదు. బొమ్మను తలాపున పెట్టుకుని, "ఇగ నువ్వు మావోనివే. యాడికి పోతవో పో," అని దబాయించాడు.

"తిన్నవా బిడ్డా?" అంది బక్కమ్మ.

తినలేదని రోజారమణికి అప్పుడు తెలిసింది. కడుపులో ఒక్కసారిగా మంట లేచింది. వేడి జొన్నరొట్టె, పుంటికూర ముందు పెడితే ఊదుకునే ఓపిక కూడా లేకపోయింది. ఒకటి అయింది. మొహమాటమంతా ఏ అటకెక్కిందో, అడగకముందే ఇంకోటి అందుకుంది. కూర వేలికంటితే వేలు కూడా నాకింది.

మంచం మీంచి గుర్వయ్య అదంతా మందలో జీవాన్ని చూసినట్టు చాలాసేపు చూసి, భార్యతో తృప్తిగా అన్నాడు.

"మేత మంచిగనే ముడుతాంది. ఇగ ఫికర్ లేదు."