బజ్జీల పొట్లం చెప్పిన తాజావార్త

మా అక్క నిశ్చితార్థానికి మగపెళ్ళివారు తవుడు లారీలో దిగారు. అందుకు కారణం నేనూ, నాలుగు అరటికాయ బజ్జీలూ. బజ్జీల తప్పేమీ లేదని ముందే మనవి చేస్తున్నాను. వాటికి చదువు రాదు. నాకు వచ్చు. అదే కొంప ముంచింది.

ఎనిమిదేళ్ళ కిందటి మాట. మాది మండపేట. పెళ్ళికొడుకు ప్రసాదుగారిది జంగారెడ్డిగూడెం. మధ్యలో గోదావరి. నిశ్చితార్థం ఆదివారం, ముహూర్తం పదకొండూ ఇరవైకి. పంతులుగారు గోదావరి అవతల, కొవ్వూరులో ఉంటారు. ఆయనకు గుర్తు చేయడానికి శనివారం బండి మీద వెళ్ళి, తిరిగొస్తూ అక్కడే బజ్జీలు కట్టించుకున్నాను. ఇంటికొచ్చి మూడు తిన్నాక, నూనెలోంచి అక్షరాలు తేలాయి.

"రేపటి నుంచి గోదావరి వంతెనపై రాకపోకలు బంద్."

దాని కింద, "కొండెక్కిన ఉల్లి." ఆ పక్కన, "నేడు, రేపు పిడుగులతో భారీ వర్షాలు."

తేదీ ఉండాల్సిన చోట కాగితం చిరిగిపోయింది. బుద్ధి ఉన్నవాడెవడైనా ఇక్కడ ఆగుతాడు. అప్పట్లో నాకు డిగ్రీ మాత్రమే ఉండేది. మరకలు పడకుండా అక్షరాలను దగ్గరగా ఫొటో తీసి, రెండు కుటుంబాలూ ఉన్న వాట్సాప్ గ్రూపులో 'అర్జంట్' అని పెట్టేశాను.

రెండు నిమిషాల్లో పెళ్ళికొడుకు తండ్రి సూర్యారావుగారి ఫోను.

"బాబూ శ్రీనూ, నిజమేనంటావా?"

"పేపర్లో పడిందండి మావయ్యగారూ. నా చేతిలోనే ఉంది."

"పోనీ ఇంకో వంతెనుందిగా, దాని మీంచి వచ్చేస్తాం."

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోట్లో బజ్జీ ఉన్నప్పుడు నోరు మూసుకుంటే ఊరు ఇంకా మంచిది. నేను మూసుకోలేదు.

"దీని ట్రాఫిక్ అంతా దాని మీద పడిపోద్దండి. ముహూర్తం దాటిపోద్ది. పట్టిసీమ దగ్గర కార్లు వదిలేసి పడవెక్కేయండి. ఇవతలి ఒడ్డుకి మేం వ్యాను పంపిస్తాం. ఆయ్! గోదారి గాలి కూడా బాగుంటదండి."

"ఎంత ముందుచూపండీ మీవాడికి!" అని ఆయన మా నాన్నను పిలిపించి మరీ మెచ్చుకున్నారు.

ఈలోగా మా పెదనాన్న వర్షాల వార్త చదివి, పందిరి మీద నీలం టార్పాలిన్ కప్పించేశారు. వంటాయనకు ఉల్లి వార్త చూపిస్తే, "అయితే దేంట్లోనూ ఉల్లిపాయ ముక్క పడనివ్వనండి" అని మాటిచ్చాడు. మాట మీద నిలబడ్డాడు కూడా.

ఆదివారం తెల్లారింది. ఆకాశంలో మబ్బు కాదుకదా, కాకి కూడా లేదు. టార్పాలిన్ కింద చుట్టాలంతా ఆవిరి కుడుముల్లా ఉడుకుతున్నారు.

"వానేది పెదనాన్నా?" అన్నాను.

"నిండు నెలల వానరా. కురిసే ముందు ఇలాగే ఉక్కపెడుద్ది" అన్నారాయన, బనీను పిండుకుంటూ.

ఎనిమిదిన్నరకు ఫోను మోగింది.

"బాబూ, పడవ ఆగిపోయింది."

"ఎక్కడండి?"

"గోదారి మధ్యలో. ఇసకలో దిగబడిపోయింది."

"మరేం చేస్తున్నారండి?"

"నడుస్తున్నాం. నీళ్ళు మోకాళ్ళ దాకానే ఉన్నాయిలే. మావాడు పట్టుచీర పళ్ళెం నెత్తిన పెట్టుకున్నాడు."

ఎలాగో ఒడ్డు చేరి మా వ్యాను ఎక్కారు. అది సగం దారిలో చెడిపోయింది. దాని డ్రైవరు, నాలాగే తెలివైనవాడు, మండపేట నూనె మిల్లుకొస్తున్న తవుడు లారీని ఆపి అందరినీ బస్తాల మీద కూర్చోబెట్టేశాడు.

పదకొండుకు లారీ మా గుమ్మం ముందు ఆగింది. పదకొండు మంది దిగారు. పంచదార చల్లిన పూతరేకుల్లా ఉన్నారు. ఎవరు తుమ్మితే వాళ్ళ ముఖం కాసేపు కనిపిస్తోంది. కిటికీలోంచి చూసిన అక్క నన్ను గిల్లి, "ఒరేయ్, ఇందులో పెళ్ళికొడుకెవర్రా?" అంది.

సరిగ్గా అప్పుడే, నేను ఫోను చేయడం మరచిపోయిన పంతులుగారు స్కూటర్ దిగారు. కండువా మడత కూడా నలగలేదు.

"తమరు ఏ పడవలో వచ్చారండి?" అనడిగారు సూర్యారావుగారు.

"పడవేంటండీ? వంతెన మీంచే వచ్చాను. హాయిగా ఉంది."

నాన్న నా వైపు తిరిగి, "ఆ పేపరు పట్రా" అన్నారు. తెచ్చాను. ఆయన వాసన చూశారు. తర్వాత నన్ను చూశారు.

"అడుసు మీరు తొక్కి, కాళ్ళు మాచేత కడిగిస్తారా బావగారూ?" అని సూర్యారావుగారు భుజం మీద తవుడు దులిపారు. "లేవండర్రా, ఎళ్ళిపోదాం."

అక్క ముఖం చూశాను. పదేళ్ళ దాకా నాతో మాట్లాడే ముఖం కాదది. నా గుండె కూడా ఇసకలో దిగబడింది.

"ఎప్పటి పేపరో అదైనా చూడనివ్వండి" అని సూర్యారావుగారు నాన్న చేతిలోంచి కాగితం లాక్కుని వెనక్కి తిప్పారు. అలాగే ఉండిపోయారు. పంతులుగారు ఆయన భుజం మీంచి తొంగిచూసి, అలవాటు కొద్దీ, పైకి చదివేశారు.

"కనబడుట లేదు. పేరు ప్రసాదు, వయసు పదమూడు. ఎడమ చెవి కింద పుట్టుమచ్చ. బాబూ, లెక్కల పరీక్ష పోయినందుకు నాన్న ఏమీ అనరు, ఇంటికి రా. ఆచూకీ తెలిపినవారికి తగిన బహుమతి. ఇట్లు, సూర్యారావు, జంగారెడ్డిగూడెం."

పందిరంతా పెళ్ళికొడుకు ఎడమ చెవి వైపు తిరిగింది. ఆయన పాపం తవుడు తుడుచుకున్నారు. మచ్చ ఉంది.

"అమ్మమ్మగారి ఊళ్ళో గడ్డివాము వెనకాల ఉన్నానండి. మూడు రోజులే" అన్నారు నేల చూస్తూ.

ఆయనకప్పుడు ఇరవై ఎనిమిది. అంటే నా తాజావార్తకు పదిహేనేళ్ళు నిండాయి.

మొదటి నవ్వు కిటికీలోంచి వచ్చింది, మా అక్కది. ఆ తర్వాత సూర్యారావుగారు నవ్వారు. మీసాల్లోంచి తవుడు రాలేలా, కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వారు. సందు దొరికింది కదాని నాన్న అందుకున్నారు.

"అయితే బావగారూ, మీ అబ్బాయి మా ఇంట్లో దొరికినట్టేగా? ఆ బహుమతి సంగతేంటండి మరి?"

"ఇంకా బహుమతేంటండీ, వాణ్ణే ఉంచేసుకోండి!"

పదకొండూ ఇరవైకి తాంబూలాలు మారాయి. ఆ పళ్ళేల ముందే చెయ్యెత్తి నేను ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో తేదీ లేని వార్తను నమ్మను; నమ్మినా పైకి అనను; అన్నా, మగపెళ్ళివారితో మాత్రం అనను.