మద్దిలేటి తాత పేరుకు బదులు ప్రశ్న గుర్తులు

కర్నూలులో నేను నడిపే చిన్న ఇంటర్నెట్ రేడియోలో ఈ రోజు పత్తికొండ మద్దిలేటి తాత పాడిన భజన పాట వేశాను. పాట మొదలవగానే పాడినవారి పేరు మా సర్వర్ నుంచి వినేవాళ్ల ప్లేయర్లకు పోతుంది. ఆయన పేరు తెలుగులోనే కనబడాలని పంతం పట్టి, తెలుగులోనే టైపు చేసి పంపాను.

తన పేరు చూసుకుందామని తాత పొద్దున్నే బస్సెక్కి వచ్చి, నాతోపాటు నెట్ సెంటర్లో కూర్చున్నాడు. తెర మీద పేరు రావాల్సిన చోట వరసగా ప్రశ్న గుర్తులు వచ్చాయి. అక్కడి సిస్టంలోని ప్లేయర్‌కు తెలుగు అక్షరాలు చూపడం రాదు.

"ఏమప్పా, పాడినోడు ఎవరో తెలీదని ఏసినావా?" అన్నాడు తాత.

"లేదు తాతా, ఇంగ్లీషు అక్షరాల్లో మళ్లీ పంపుతాండా" అని లేచాను.

"యాడికి పోతావు, కూర్చో. ఈ పాట కట్టింది నేనే. సివరి చరణంలో నా పేరు ఉండాది."

చివరి చరణంలో 'పత్తికొండ మద్దిలేటి' అని స్పీకర్లో వినబడగానే, మిగతా సిస్టంల ముందున్న వాళ్లంతా తల తిప్పి తాతను చూశారు.

మీ ప్లేయర్లోనూ ప్రశ్న గుర్తులే వస్తుంటే నాకు రాయండి, సరిచేస్తాను. ఈలోగా పాటను మధ్యలో మాత్రం ఆపకండి.