వట్టి చేతుల ప్లీడరు గారు

మా ప్లీడరు గారు పోయారు. మొన్న పొద్దున గుణదల నుంచి వచ్చిన కూరగాయల బండివాడు మా వీధి మొగలో ఆగి, "మీ నల్లకోటు అయ్యగారు పోయారంట" అని చెప్పి ఎద్దుల్ని అదిలించుకుని పోయాడు. మగ్గం మీద ఉన్నాను. మగ్గం గుంటలోంచి కాళ్ళు తీయబుద్ధి కాలేదు.

నాకు రాత అరకొర. పత్రికవాళ్ళు వేస్తే వేస్తారు, లేకపోతే లేదు. ఆయన గురించి చెప్పకుండా ఊరుకుంటే మాత్రం నాకు తిన్నది అరగదు.

మాది కంకిపాడు దగ్గర సాలెల వీధి. వీధి చివర ఒక మెరక ఉండేది. పడుగు నూలు బారుగా చాచి, గంజి పట్టించి ఆరబెట్టేది అక్కడే. మిగతా అంతా వరిచేలూ బురదా. మెరక లేకపోతే గంజి లేదు, గంజి లేకపోతే మగ్గం లేదు. తాతల నాటి నుంచీ మాదే. యుద్ధం రోజుల్లో ఒక బియ్యం వ్యాపారి దొంగ దస్తావేజు పుట్టించి అది నాదన్నాడు. బెజవాడ కోర్టుకెళ్ళాం. అక్కడ మా తరఫున నిలబడినాయన ఈయన.

స్థలం చూడ్డానికి వచ్చినప్పుడల్లా కోటు విప్పి, లోపలి పక్క బయటికి తిప్పి, మడిచి చంకన పెట్టుకునేవారు. దుమ్ము ఆయనకి పడితే ఫర్వాలేదు, కోటుకి పడకూడదు. ఫీజు తప్ప మా దగ్గర ఇంకేదీ ముట్టేవారు కాదు. మా ఇంటిది మజ్జిగ ఇస్తే, "కేసయ్యాక తాగుతానమ్మా" అని కాలవ నీళ్ళు తాగేవారు.

"మా మజ్జిగ అంత పులుపాండీ?" అని అది ఎకసెక్కమాడేది.

"పులుపైతే తాగేవాణ్ణే. నాలిక రుచి మరిగితే రేపు అదే అడుగుతుంది తల్లీ" అనేవారు.

తీర్పు దగ్గరికొచ్చింది. జడ్జీ ఇంటి నౌకరు మమ్మల్ని పక్కకి పిలిచి, "అవతలివాళ్ళు దూడతో సహా పాడిగేదెని తోలారు. మీరేం తెస్తారో చూసుకోండి" అన్నాడు. మంచి పంచెల చాపు ఒకటి నేసి ఇద్దామని మేం ప్లీడరు గారితో అన్నాం. ఆయన నా వంక చూసి, "ఏమోయ్ పెద్దాయనా! కొన్న తీర్పు నీదెట్లా అవుతుంది? రేపు ఇంకొకడు ఇంకో గేదెని తోలితే వాడిదవుతుంది" అన్నారు.

మేం ఇవ్వలేదు. కేసు పోయింది. మెరక చుట్టూ కంచె లేచింది.

ఆ సాయంత్రం ఆయనే మా వీధికొచ్చారు. "ఏమ్మా, మజ్జిగుందా? కేసైపోయిందిగా" అని అడిగి చెంబెడూ తాగి, మా అరుగు మీదే కూర్చుని ఢిల్లీకి అర్జీ రాశారు.

"అప్పీలు వెయ్యరాండీ?" అన్నాను.

"మెరక కోసం అప్పీలు వేస్తాను. గేదె సంగతి అప్పీల్లో తేలదోయ్. దానికి సర్కారే కదలాలి. ఇప్పుడున్నది మనవాళ్ళేగా, చెబితే వింటారు."

తెల్లవాడి జైల్లో ఉండొచ్చిన మనిషి. జెండా మారిన కొత్త. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం పెళ్ళికొడుకు మొహంలా ఉంది.

లంచం తినే జడ్జీల మీద విచారణ పెట్టమని అర్జీ. రాసింది మాకు చదివి వినిపించారు. జనం ఆకలికి ఓర్చుకుంటారు గానీ కోర్టు కూడా అంగడే అని తెలిస్తే ఓర్చుకోరు, అని ఉంది అందులో. వీధంతా వేలిముద్రలు వేశాం. నేను సంతకమే పెట్టాను.

పెద్దల దగ్గరికి ఉత్తచేతుల్తో పోయే అలవాటు మా ఇళ్ళల్లో లేదు. ఆ మెరక మీద గంజి పట్టించిన ఆఖరి పడుగుతో నేసిన చాపు నా దగ్గరుంది. దాన్ని అర్జీ కొలతకి నలుచదరంగా మడిచి, కాగితాన్ని అందులో పెట్టి ఆయన చేతికిచ్చాను. ఆయన విప్పి చూసి పకపకా నవ్వారు.

"లంచం మీద అర్జీకి లంచం తోడిస్తావటయ్యా?"

"లంచమేంటండీ, మర్యాద!"

"గేదెని తోలినవాడూ అదే అన్నాడు. వట్టి చేతుల్తోనే పోవాలోయ్. మనకున్న సాక్ష్యం ఆ చేతులే."

చాపు నా ఒళ్ళో పడేసి, కాగితం ఒక్కటే పట్టుకెళ్ళారు.

ఢిల్లీవాళ్ళు ఏం చేశారో తెలుసా? తగిన చర్య తీసుకోమని ఆ అర్జీని కిందికి పంపారు. కిందికి, ఇంకా కిందికి దిగి, అది ఆ జడ్జీ బల్ల మీదికే వచ్చింది. దొంగని పట్టమంటే తాళాలు దొంగకే ఇచ్చారు. నిండు కోర్టులో వాడు ఆ కాగితం ఊపుతూ ఈయన్ని నిలబెట్టి అడిగాడు. వెనకుంటామన్న తోటి ప్లీడర్లు స్తంభాల చాటుకి తప్పుకున్నారు. కోర్టుని అవమానించాడని, ఇక వాదించడానికి వీల్లేదని ఈయన సన్నదు ఆపేశారు. మా అప్పీలు దిక్కులేనిదయింది. జడ్జీకి పెద్ద ఊరికి బదిలీ అయింది, మెప్పుతో.

తర్వాత గుణదలలో ఆయనింటికి వెళ్ళి చూస్తే కోటు చిలక్కొయ్యకి లోపలి పక్క బయటికి తిప్పి వేలాడుతోంది. "తెల్లవాడు చేసుంటే నవ్వేవాణ్ణోయ్" అన్నారు. జైలు తినలేని మనిషిని ఆ కాగితం తినేసింది.

ఢిల్లీలో కూర్చున్న అయ్యల్లారా, మీరు మనవాళ్ళే అని నమ్మినందుకు ఆయన పోయారు. ఆ అర్జీ ఇంకా చావలేదు. కింద నా సంతకం ఉంది, నేనున్నాను. ఈసారి దాన్ని కిందికి తొయ్యకండి, మీరే చదవండి. గేదెలు ఎవరి దొడ్లోంచి ఎవరి దొడ్లోకి పోతున్నాయో మీరే విచారించండి.

కబురు విన్న రోజు ఆ చాపు తీసుకుని ప్లీడరు గారింటికి వెళ్ళాను. అమ్మగారు చూసి, "ఆయనుంటే పుచ్చుకునేవారు కాదయ్యా" అన్నారు.

"కేసైపోయింది గదమ్మా" అన్నాను.

ఆవిడ తల పక్కకి తిప్పుకుని చెయ్యి చాచారు. కాలవ గట్టున ఆయన మీద కప్పాం. మెరక గంజి గట్టిది, మడత పోలేదు. గాలికి బట్ట లేచి మళ్ళీ పడినప్పుడల్లా, గుండె మీద అర్జీ అంత నలుచదరం గీత తేలుతూనే ఉంది.