పురిటికొచ్చిన కొంగలు

హిందూపురం నుంచి చిలమత్తూరు వైపు పల్లె బస్సులో వెళ్తున్నాను. పక్క సీట్లో ఒక పెద్దావిడ ఒళ్ళో చింతపండు సంచి పెట్టుకుని కూర్చుంది. సంతలో కొన్నదట. తన ఇంటి ముందే చింతచెట్లున్నాయని మాటల్లో చెప్పింది. మరి కొనడమెందుకని అడిగాను.

"ఇప్పుడు చెట్టు దులిపేకి లేదప్పా. పురిటికొచ్చినారు."

ఇంట్లో బాలింత ఉంటే చింతచెట్టు దులపకూడదేమో, ఇక్కడి ఆచారం కాబోలు అనుకున్నాను. "ఎంతమంది కూతుళ్ళమ్మా?" అన్నాను.

ఆమె నవ్వింది. "కూతుర్లు కాదప్పా, కొంగలు. యేటా యాడ్నుంచో వస్తాయి. మా చెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లల్ని చేసుకోని పోతాయి."

అవి ఉన్నన్నాళ్ళూ ఆ ఊళ్ళో కొమ్మకు కర్ర తగలనివ్వరట. పెళ్ళయినా సరే, టపాకాయలు కాల్చరట. వాకిలంతా రెట్ట, చేపల కంపు, బట్టలు ఆరేసుకోవడానికి చోటుండదు. ఆ రెట్ట వేరుశనగ చేనుకు మంచి ఎరువని కూడా ఆమే చెప్పింది. అయినా నాకు నష్టమే ఎక్కువనిపించింది.

"అవి రాకపోతేనే మీకు హాయి కదమ్మా?"

"ఒక యేడు రాలేదు. చెరువు ఎండిపోయి చేపల్లేకపాయ. ఆ యేడు చింతపండు బాగా అయింది." ఆమె సంచి సర్దుకుని కిటికీలోంచి బయటికి చూసింది. "ఊరంతా తలెత్తుకోలేకపోతిమి. కూతురు పురిటికి రాలేదంటే తప్పు పుట్టినింటిది కాదా?"